దీవిలో ఎనిమిది రోజుల ప్రయోగం

ప్రయోగం అనగానే మీకేం గుర్తొస్తుంది? పరీక్షనాళికలు, స్పిరిట్ దీపం, లిట్మస్ కాగితం. ఇవే కదా! కాని నాలుగు గుడారాలు, కొన్ని తాళ్ళు, ఒక జింక కొమ్ము, సుమారు 20 మంది కుర్రాళ్ళు ఉంటే కూడా ఒక ప్రయోగం చేయవచ్చు. అటువంటిది ఒకటి 1907 ఆగస్టులో నిజంగానే జరిగింది. మెడలో స్కార్ఫు కట్టుకున్న స్కౌట్లను మీ బడిలోనో, పక్క బడిలోనో చూసే ఉంటారు. వాళ్ళందరికీ మూలం ఆ ప్రయోగమే.

ఇంగ్లండు దక్షిణతీరాన పూల్ అనే రేవు ఉంది. ఆ రేవు నీళ్ళ మధ్య బ్రౌన్‌సీ అనే చిన్న దీవి ఉంది. దాని విస్తీర్ణం సుమారు 500 ఎకరాలు. పైన్ చెట్లు, పొదలు, ఇసుక ఒడ్డు, ఎర్ర ఉడుతలు దాని సంపద. ఆగస్టు 1 నుంచి 8 వరకు అక్కడ ఒక శిబిరం నడిచింది. దాన్ని నడిపిన మనిషి రాబర్ట్ బేడెన్ పవెల్. అప్పటికి ఆయనకు 50 ఏళ్ళు. సైన్యంలో పెద్ద అధికారి. సైనికుల కోసం ఆయన 1899లో ఒక చిన్న పుస్తకం రాశాడు. శత్రువుల జాడ తీయడం, దారి కనిపెట్టడం, చూసింది గుర్తుంచుకోవడం ఎలాగో అందులో ఉంది. తీరా చూస్తే ఆ పుస్తకాన్ని బడిపిల్లలు చదివి, ఆటలుగా ఆడుకుంటున్నారు! అయితే పిల్లల కోసమే ఒక పుస్తకం రాస్తే ఎలా ఉంటుందని ఆయనకు అనిపించింది.

ఇక్కడే ఒక విషయం గమనించండి. ఆయన వెంటనే పుస్తకం అచ్చు వేయించలేదు. రాయదలచుకున్నది పిల్లల దగ్గర పనిచేస్తుందా, లేదా అని ముందు పరీక్షించి చూడాలనుకున్నాడు. బ్రౌన్‌సీ శిబిరం ఆ పరీక్షే అన్నమాట.

ప్రయోగం ఎలా అమర్చారు?

పెద్ద పెద్ద ఫీజులు కట్టి ప్రసిద్ధ పాఠశాలల్లో చదివే ధనికుల పిల్లలు కొందరు, చుట్టుపక్కల పట్నాల్లోని మామూలు కుటుంబాల పిల్లలు కొందరు ఆ శిబిరానికి వచ్చారు. ధనికుల పిల్లల దగ్గర ఒక పౌను తీసుకున్నారు. మిగతావాళ్ళ దగ్గర 3 షిల్లింగుల 6 పెన్నీలు తీసుకున్నారు. ఆ రోజుల్లో పౌనుకు 20 షిల్లింగులు. అంటే రెండో రకం పిల్లలు కట్టింది మొదటివాళ్ళు కట్టిన దానిలో ఐదో వంతు కూడా లేదు. కాని అందరికీ ఒకే తిండి, ఒకే పని.

పిల్లలను ధనికులు, పేదలు అని విడదీయకుండా కలిపి నాలుగు దళాలు చేశారు. వాటికి తోడేళ్ళు, ఎద్దులు, మాలకాకులు, కర్ల్యూలు అని పేర్లు. కర్ల్యూ అంటే వంకర ముక్కు ఉండే ఒక నీటిపక్షి. ఒక్కొక్క దళానికి ఒక రంగు. భుజానికి ఆ రంగు ఉన్నిదారం కట్టుకునేవారు. ప్రతి దళానికీ వాళ్ళలోనే కాస్త పెద్దవాడు నాయకుడు. దళం బాగోగులన్నిటికీ అతడే బాధ్యుడు. పెద్దవాళ్ళు ప్రతిదానికీ వెంటపడలేదు.

ఉదయం కొమ్ము ఊదేవారు. అది కూడూ అనే ఆఫ్రికా జింక కొమ్ము. దాని చప్పుడుతో పిల్లలు లేచేవారు. ఏదైనా ఒక విషయం నేర్పేటప్పుడు చెప్పేది కొంచెమే. తరువాత చేసి చూపడం, ఆ తరువాత పిల్లలచేత చేయించడం, చివరికి దళాల మధ్య పోటీ. రాత్రి నెగడు చుట్టూ కూర్చుని కథలు. రోజుకొక దళం వంతున రాత్రి కాపలా.

ఒక్కొక్క రోజుకూ ఒక్కొక్క పాఠం. మొదటిరోజు దళాల ఏర్పాటు. రెండోరోజు ముళ్ళు వేయడం, నిప్పు రాజేయడం, వంట, తెలియని చోట దారి కనుక్కోవడం. మూడోరోజు పరిశీలన. నాలుగోరోజు జంతువులు, మొక్కలు, నక్షత్రాలు. ఐదోరోజు మర్యాద, పరోపకారం. ఆరోరోజు ప్రాణరక్షణ. ఏడోరోజు దేశం పట్ల బాధ్యత. చివరిరోజు ఆటల పోటీలు.

వీటిలో మూడింటిని మనం కూడా పరీక్షించి చూద్దాం.

కళ్ళు చూసినవన్నీ బుర్రకెక్కుతాయా?

మూడోరోజు పాఠం పరిశీలన. దీనికి సంబంధించిన ఒక ఆట 1908లో వచ్చిన ఆయన పుస్తకంలో ఉంది. పేరు కిమ్ ఆట. కిమ్ అనేవాడు కిప్లింగ్ రాసిన ఒక నవలలో లాహోరు వీధుల్లో తిరిగే కుర్రవాడు. ఒక పళ్ళెంలో 20 వస్తువులు పెట్టండి. గుండీ, మేకు, చింతగింజ, తాళంచెవి, ఇలా ఏవైనా సరే. ఒక్క నిమిషం చూపించి గుడ్డ కప్పేయండి. గుర్తున్నవి రాయమనండి.

మొదటిరోజు చాలామంది కొన్ని వస్తువుల దగ్గరే ఆగిపోతారు. వారంరోజులు ఆడితే సంఖ్య పెరుగుతుందా? పెరిగితే ఎందుకు పెరిగింది? దీన్ని తేల్చడానికి ఒక జాగ్రత్త అవసరం. ప్రతిరోజూ కొత్త వస్తువులు పెట్టండి. లేకపోతే మీరు కొలిచేది పరిశీలనాశక్తిని కాదు, నిన్నటి జ్ఞాపకాన్ని. వస్తువుల సంఖ్య, చూపించే కాలం మాత్రం మార్చకండి. ఒక ప్రయోగంలో ఒకే ఒక్క అంశాన్ని మార్చి, మిగతావి అలాగే ఉంచాలన్నది విజ్ఞానశాస్త్రంలో మొదటి సూత్రం కదా!

మన ఊళ్ళో నీడ ఎటు పడుతుంది?

ఇప్పుడు రెండోరోజు పాఠానికి వద్దాం. తెలియని చోట దిక్కులు కనుక్కోవడం ఎలా? స్కౌట్ పుస్తకాల్లో ఒక ఉపాయం ఉంటుంది. చేతిగడియారాన్ని పళ్ళెంలా పట్టుకుని, గంటల ముల్లును సూర్యుడివైపు తిప్పాలి. ఆ ముల్లుకూ 12 అంకెకూ సరిగ్గా మధ్యనున్న దిక్కు దక్షిణం. ఇంకొక ఉపాయం మరీ సులువు. మిట్టమధ్యాహ్నం నీడ ఉత్తరంగా పడుతుంది.

ఈ రెండు ఉపాయాలూ బ్రౌన్‌సీలో పనికొస్తాయి. మొదటిదానిలో తేడా కొంత వచ్చినా, దారి తప్పనివ్వదు. మీరు వాటిని మే నెలలో హైదరాబాదులో వాడి చూడండి. ఘోరంగా దారి తప్పుతారు!

కారణం ఏమిటి? బ్రౌన్‌సీ సుమారు 51 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. అక్కడ సూర్యుడు ఏనాడూ నడినెత్తికి రాడు. సంవత్సరం పొడుగునా మధ్యాహ్నవేళ దక్షిణంవైపే ఉంటాడు. ఆగస్టు మొదట్లో అక్కడ మీటరు పొడవున్న కర్ర నీడ మిట్టమధ్యాహ్నం 64 సెంటీమీటర్లు ఉంటుంది. అది ఉత్తరానికి పడుతుంది. మనం ఉన్నది కర్కటరేఖకు దక్షిణాన. కనుక సూర్యుడు ఏడాదికి రెండుసార్లు మన నడినెత్తి మీదికి వస్తాడు. ఏప్రిల్ చివరివారంలో తిరుపతి మీదికి, మే మొదటివారంలో విజయవాడ మీదికి, రెండోవారంలో హైదరాబాదు మీదికి, మూడోవారంలో ఆదిలాబాదు మీదికి వస్తాడు. ఆ తరువాత ఉత్తరానికి దాటిపోతాడు. మే 20 ప్రాంతంలో హైదరాబాదులో మీటరు కర్రకు మధ్యాహ్నం 5 సెంటీమీటర్ల నీడ కూడా ఉండదు. ఉన్న ఆ కాస్త నీడా దక్షిణానికి పడుతుంది! గడియారం ఉపాయం సంగతీ అంతే. మే మొదట్లో ఉదయం 10 గంటలకు అది చూపించే ‘దక్షిణం’ నిజమైన దక్షిణం కంటే తూర్పుకే దగ్గరగా ఉంటుంది.

మరి మన పిల్లలు దిక్కులు ఎలా కనుక్కోవాలి? దానికి మన పూర్వులు ఎప్పుడో మార్గం చెప్పారు. ‘సూర్యసిద్ధాంతం’లో ఉన్న శంకుయంత్రం పద్ధతి చూడండి. చదునైన నేల మీద అరమీటరు కర్రను నిలువుగా పాతండి. అదే శంకువు. దాని మొదలు కేంద్రంగా, కర్ర ఎంత పొడవో అంతే వ్యాసార్ధంతో ఒక వృత్తం గీయండి. ఉదయం నీడ పొడవుగా వృత్తం దాటి ఉంటుంది. క్రమంగా కురచ అవుతూ 9 గంటల ప్రాంతంలో దాని కొన వృత్తాన్ని తాకుతుంది. అక్కడ ఒక గులకరాయి పెట్టండి. మధ్యాహ్నం 3 గంటల ప్రాంతంలో నీడ మళ్ళీ పెరిగి వృత్తాన్ని తాకుతుంది. అక్కడ మరొక రాయి పెట్టండి. మొదటి రాయి పడమర, రెండోది తూర్పు. రెంటినీ కలిపితే తూర్పు పడమరల రేఖ వస్తుంది. సూర్యుడు ఉత్తరాన ఉన్నా, దక్షిణాన ఉన్నా, నడినెత్తిన ఉన్నా ఈ పద్ధతి తప్పదు. ఎండలో కూర్చోకండి. నెత్తిన గుడ్డ వేసుకుని వెళ్ళి, రాయి పెట్టి, నీడలోకి వచ్చేయండి.

రాత్రిపూట మరొక పరీక్ష. చేయి చాచి పిడికిలి బిగిస్తే, అది ఆకాశంలో సుమారు 10 డిగ్రీల మేర కప్పుతుంది. ధ్రువనక్షత్రం నేల అంచు నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తులో కనిపిస్తుందో, ఆ ఊరి అక్షాంశం ఇంచుమించు అన్ని డిగ్రీలే. బ్రౌన్‌సీ కుర్రాళ్ళకు అది ఐదు పిడికిళ్ళ ఎత్తులో కనిపించేది. మనకు రెండు పిడికిళ్ళ ఎత్తు కూడా ఉండదు. మరి మీ ఊళ్ళో కొలిచి చూస్తారా?

మునిగినవాణ్ణి రక్షించడం ఎలా?

ఆరోరోజు పాఠం ప్రాణరక్షణ. ఇది ఆటకాదు. వేసవి సెలవుల్లో మన కాలువల్లో, చెరువుల్లో, దిగుడుబావుల్లో మునిగి పిల్లలు చనిపోతున్నారు. చాలాసార్లు ఒకణ్ణి కాపాడబోయి ఇంకొకడు, వాణ్ణి పట్టుకోబోయి మూడోవాడు మునిగిపోతారు. మునిగిపోతున్నవాడు దేన్ని పట్టుకుంటాడో తనకే తెలియదు. మీ మెడ దొరికితే మెడే పట్టుకుంటాడు. కాబట్టి దూకకండి. పెద్దగా కేకలు వేయండి. ఒడ్డున బోర్లా పడుకుని కర్ర అందించండి. తాడుగానీ, తువ్వాళ్ళు ముడివేసిగానీ విసరండి. మూత బిగించిన ఖాళీ డబ్బా నీటిలో తేలుతుంది. అది విసిరినా ప్రాణం నిలబడవచ్చు.

బ్రౌన్‌సీ రోజుల్లో మునిగినవాణ్ణి బోర్లా పడుకోబెట్టి, నడుముకు పైభాగాన ఆగి ఆగి నొక్కే పద్ధతి కొత్తగా వచ్చింది. అది షేఫర్ అనే శరీరశాస్త్రవేత్త సూచించినది. నొక్కితే ఊపిరితిత్తుల్లో గాలి బయటికి పోతుంది. వదిలితే లోపలికి వస్తుంది. కాని దానివల్ల అందే గాలి తక్కువ. ఆగిన గుండెకు ఆ నొక్కుడు ఏమీ చేయలేదు. శాస్త్రజ్ఞులు కొలిచి చూశారు, లోపం కనిపెట్టారు. 1960లో అమెరికాలో కౌవెన్‌హోవెన్, ఆయన సహచరులు రొమ్ము మధ్య నొక్కి రక్తప్రసరణ నిలపవచ్చని ప్రకటించారు. ఈనాడు నేర్పేది నోటితో ఊపిరి అందించడం, రొమ్ము మధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కడం. ఈ పని చదివితే రాదు. శిక్షణ పొందినవారి దగ్గర బొమ్మ మీద చేసి నేర్చుకోవాలి. ఈలోగా ఎవరో ఒకరు 108కి ఫోను చేయాలి. మునిగినవాణ్ణి తలకిందులుగా పట్టి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం మన ఊళ్ళలో ఇప్పటికీ చేస్తుంటారు. అవి ప్రమాదం. విలువైన నిమిషాలు పోతాయి. కక్కినది ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు.

ప్రయోగం ఫలించిందా?

బేడెన్ పవెల్ తృప్తి పడ్డాడు. ఎవరు ఎవరి బిడ్డో మరచిపోయి పిల్లలు కలిసి పనిచేశారు. నమ్మి బాధ్యత అప్పగిస్తే, నిలబెట్టుకున్నారు. 1908లో పుస్తకం పక్షానికొక భాగం చొప్పున ఆరు భాగాలుగా వచ్చింది. పెద్దలెవరూ చెప్పకముందే బ్రిటన్‌లో పిల్లలు తమంతట తాము దళాలు కట్టడం మొదలుపెట్టారు. నేడు 170కి పైగా దేశాల్లో స్కౌట్లు ఉన్నారు.

అయినా మీరు శాస్త్రవిద్యార్థులు కనుక ఒక ప్రశ్న అడగాలి. ఆ ప్రయోగంలో పరీక్షించనిది ఏమిటి? బ్రౌన్‌సీలో ఒక్క ఆడపిల్ల కూడా లేదు. 1909లో లండన్‌లో జరిగిన స్కౌట్ల సభకు కొందరు ఆడపిల్లలు తమంతట తామే వచ్చి నిలబడ్డారు. మరుసటి ఏడు గర్ల్ గైడ్స్ ఏర్పడింది. మన దేశంలోకి స్కౌటింగ్ 1909లోనే వచ్చింది. కాని మొదట ఐరోపావారి పిల్లలనూ, ఆంగ్లోఇండియన్ పిల్లలనూ మాత్రమే చేర్చుకున్నారు. భారతీయుల పిల్లలకు ప్రవేశం లేదు. ధనికులూ పేదలూ కలిసి ఉండగలరని దీవిలో నిరూపించినవారే ఇక్కడ తలుపు మూశారు! మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అనీబిసెంట్ మద్రాసులో భారతీయ బాలుర కోసం వేరే సంఘం పెట్టారు. ఉత్తరాదిన మదనమోహన మాలవ్యా, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పేయి సేవాసమితి స్కౌట్లను తీర్చిదిద్దారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1950 నవంబరు 7న వేర్వేరు సంఘాలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఏర్పడ్డాయి. 1951లో గర్ల్ గైడ్స్ కూడా అందులో చేరారు.

చూశారా! నీడ నియమం ఒక చోట నిజమై, మరొక చోట తప్పింది. ఊపిరి అందించే పద్ధతి 50 ఏళ్ళకు మారింది. అందరూ సమానమన్న మాట దీవి దాటాక మళ్ళీ పరీక్షకు నిలవవలసి వచ్చింది. పుస్తకంలో ఉన్నది ఎంత పెద్దవారు రాసినా, మన నేల మీద, మన ఎండలో చేసి చూస్తేనే మనది అవుతుంది.

ఈ వ్యాసం కూడా అందుకు మినహాయింపు కాదు. వచ్చే మే నెలలో నలుగురు స్నేహితులు కలిసి ఒక దళం కట్టండి. పెరట్లో కర్ర పాతండి. మధ్యాహ్నపు నీడ ఏ రోజున మాయమయిందో, ఏ రోజున దక్షిణానికి తిరిగిందో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఇక్కడ చెప్పిన తేదీలు మీ ఊరికి సరిపోయాయో లేదో మీరే తేల్చండి.