రోటార్‌ను లెక్కతో పట్టుకునే విద్య

సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు, మట్టపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. సిమెంటు ఫ్యాక్టరీలో కిల్న్ నుంచి వేడి వాయువులను లాగే భారీ ఐడీ ఫ్యాను ఉంటుంది. వెనకటి పద్ధతిలో చాలాచోట్ల ఈ ఫ్యాను మోటారు ఎప్పుడూ నిండు వేగంతోనే తిరిగేది. గాలి తక్కువ చాలనుకుంటే దారిలో డాంపర్ కొంత మూసేవారు. గాలి తగ్గేది కానీ కరెంటు ఖర్చు ఆ మేరకు తగ్గేది కాదు. అదే ఫ్యాను వేగాన్ని 80 శాతానికి దించితే గాలి 80 శాతం వస్తుంది. ఖర్చయ్యే శక్తి మాత్రం 0.8 ఘనం, అంటే సుమారు 51 శాతమే. మోటారుకు వేగం మార్చే డ్రైవ్ ఎందుకు పెట్టాలని అడిగేవారికి ఈ ఒక్క లెక్క చాలు.

మరి 1880ల చివర్లోనే పుట్టిన ఇండక్షన్ మోటారు వేగాన్ని అదుపు చేయడానికి ఇంతకాలం ఎందుకు పట్టింది? ఆ మోటారుకున్న సుగుణమే అడ్డొచ్చింది. మామూలు కేజ్ మోటారులో తిరిగే భాగమైన రోటార్‌కు తీగలు వెళ్లవు, బ్రష్‌లు ఉండవు. బేరింగులు తప్ప అరిగే వస్తువే లేదు. కదలని భాగమైన స్టేటర్‌లో మూడు ఫేజుల కరెంటు పారితే తిరిగే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. నాలుగు పోల్స్ మోటారుకు 50 హెర్ట్జ్ సప్లై ఇస్తే క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది, నిండు లోడు మీద రోటార్ 1440, 1460 దగ్గర ఉంటుంది. ఈ వెనకబాటే స్లిప్. స్లిప్ లేకపోతే రోటార్‌లో కరెంటు పుట్టదు, టార్క్, అంటే తిప్పే బలం, రాదు. మోటారును తిప్పేది రోటార్ కరెంటే, అయినా దాన్ని బయటినుంచి మీటరు పెట్టి కొలిచే వీలు లేదు. లెక్క కట్టి ఊహించాల్సిందే. ఆ లెక్కనే ఇంజనీర్లు మోడల్ అంటారు.

డ్రైవ్ తనకు వచ్చిన ఏసీని డీసీగా మార్చి, ఐజీబీటీలనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లతో ముక్కలు చేసి, కోరిన ఫ్రీక్వెన్సీలో మళ్లీ ఏసీగా ఇస్తుంది. ఫ్రీక్వెన్సీ ఒక్కటే తగ్గిస్తే సరిపోదు. ఓల్టేజీ అలాగే ఉంచితే ఇనుములో అయస్కాంతత్వం హద్దు దాటి కరెంటు విపరీతంగా పెరుగుతుంది. అందుకే రెండింటినీ ఒకే నిష్పత్తిలో దించుతారు. 415 ఓల్టుల మోటారుకు హెర్ట్జ్‌కు 8.3 ఓల్టులు, అంటే 25 హెర్ట్జ్ దగ్గర సుమారు 207. ఇదీ ఒక మోడలే, కాకపోతే పైపై లెక్క. వేగం నిలకడగా ఉన్నప్పుడే అది నిజం. ఫ్యానుకు, పంపుకు బాగా సరిపోతుంది. క్రేనుకు, లిఫ్టుకు, రైలింజనుకు సరిపోదు. వాటికి వేగం సున్నా దగ్గర కూడా నిండు టార్క్ కావాలి, అదీ వెంటనే.

డీసీ మోటారులో ఈ బాధ లేదు. అయస్కాంతత్వానికి ఒక కరెంటు, టార్క్‌కు ఇంకొకటి, దేని తీగలు దానివే. ఇండక్షన్ మోటారులో రెండూ కలిసి ఒకే తీగల్లో పారుతాయి. వాటిని గణితంతో విడదీయవచ్చని జర్మనీలో 1969లో హాసే, ఆ తర్వాత 1970ల మొదట్లో సీమెన్స్ ఇంజనీరు బ్లాష్కే చూపించారు. ఇదే వెక్టర్ కంట్రోల్. జాతరలో రంగులరాట్నం చూడండి. కింద నిలబడ్డవాడికి గుర్రాలు గిర్రున తిరుగుతాయి. ఎక్కి కూర్చున్నవాడికి ముందున్న గుర్రం ఉన్నచోటే ఉంటుంది. తిరిగే క్షేత్రం మీద ఎక్కి చూసినట్టు లెక్క మార్చుకుంటే ఏసీ కరెంట్లు రెండు నిలకడైన అంకెలుగా కనిపిస్తాయి. ఒకటి అయస్కాంతత్వానిది, రెండోది టార్క్‌ది. ఇలా లెక్క మార్చే గణితాన్ని ఆల్టర్నేటర్ల కోసం పార్క్ 1929లోనే రాశాడు. దాన్ని సెకనుకు వేలసార్లు కట్టగల మైక్రోప్రాసెసర్లు వచ్చాకే ఫ్యాక్టరీల్లో పని జరిగింది.

అసలు చిక్కు ఇక్కడుంది. ఎక్కి కూర్చోవాలంటే క్షేత్రం ఎక్కడుందో తెలియాలి, అది తెలియాలంటే రోటార్ నిరోధం తెలియాలి. రోటార్ వంద డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధం దాదాపు 40 శాతం పెరుగుతుంది. డ్రైవ్ చల్లని మోటారు అంకెలతోనే లెక్క కడుతుంటే క్షేత్రం లేని చోట ఉందనుకుంటుంది. టార్క్ అడిగితే అయస్కాంతత్వం చెదురుతుంది. అందుకే మేలైన డ్రైవులు నడుస్తూనే ఆ అంకెలను సవరించుకుంటాయి. 1980ల మధ్యలో జపాన్, జర్మనీల్లో రూపొందిన డైరెక్ట్ టార్క్ కంట్రోల్ అనే మరో పద్ధతి రోటార్ అంకెల మీద అంతగా ఆధారపడదు. స్టేటర్ నిరోధం మాత్రం దానికీ కావాలి.

మన దేశంలో ఈ విద్య రైళ్ల రూపంలో కనిపిస్తుంది. సికింద్రాబాద్ పక్కన లాలాగూడ షెడ్డులోని డబ్ల్యూఏపీ-7 ఇంజన్లలో ఆరేసి ఇండక్షన్ మోటార్లుంటాయి. బ్రేకు వేసినప్పుడు అవే జనరేటర్లై కరెంటును పై తీగలోకి తిప్పి పంపుతాయి.

పంపు మాత్రమే నడిపే చిన్న మిల్లు యజమాని వెక్టర్ డ్రైవ్‌కు ఎక్కువ డబ్బు పోయడం దండగని నా అభిప్రాయం. కన్వేయర్‌లాంటి బరువైన లోడును తక్కువ వేగంతో గంటల తరబడి నడిపేవారు మోటారుకు విడిగా ఫ్యాను పెట్టించుకోవాలి. వేగం తగ్గితే మోటారు సొంత ఫ్యానూ నెమ్మదిస్తుంది. ఇక ఏ డ్రైవ్ కొన్నా, కంపెనీ ముందే వేసిచ్చిన అంకెలతో నడిపించకండి. మోటారు నేమ్‌ప్లేట్ మీది ఓల్టేజీ, ఆంపియర్లు, ఆర్‌పీఎం ఎక్కించి, డ్రైవ్ మోటారు అంకెలను తానే కొలుచుకునే ఆటోట్యూన్ పూర్తయ్యేదాకా బిగించడానికి వచ్చిన ఇంజనీరును వదలకండి. మోటారు రీవైండింగ్‌కు వెళ్లివస్తే ఆటోట్యూన్ మళ్లీ చేయించండి.