మీకు తెలుసా? మూత్రం ఎర్రబడిందని టీబీ మాత్రలు మానొద్దు

టీబీ మందు మొదలైన రోజుల్లోనే మూత్రం నారింజ రంగుకు తిరుగుతుంది. రక్తం పడుతోందేమోనని హడలిపోయి మాత్రలు మానేసేవాళ్లుంటారు. అది టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ రంగు, అంతే. చెమటకూ కన్నీళ్లకూ కూడా పట్టుకుంటుంది. కాంటాక్ట్ లెన్సులకు మరకలు పడొచ్చు. భయపడాల్సినవి వేరు: కళ్లు పచ్చబడటం, ఆగని వాంతులు కాలేయం దెబ్బతింటోందనడానికి సూచనలు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోతే ఇథాంబుటాల్ అనే మరో టీబీ మందు కంటి నరాన్ని తాకుతున్నట్టు. వెంటనే డాక్టరుకు చూపించాలి.

టీబీకి ఇన్ని మందులెందుకు? 1940ల్లో స్ట్రెప్టోమైసిన్ అనే మందు ఒక్కటే ఇస్తే కొన్ని నెలల్లోనే క్రిములు దానికి లొంగడం మానేశాయి. అందుకే ఇప్పుడు మామూలు టీబీకి మొదటి 2 నెలలు 4 మందులు, తర్వాత 4 నెలలు 3 మందులు కలిపి ఇస్తారు. చిక్కేమిటంటే, దగ్గు తగ్గి ఆకలి పుట్టేసరికి చాలామందికి మాత్రలు అనవసరమనిపిస్తుంది. క్రిములు మాత్రం ఇంకా లోపలే ఉంటాయి.