రాత్రి ప్రార్థనలో ఒక్క కొత్త మాట

మిరప చేలో దిగిన రైతు కళ్లు ఎక్కడికి పోతాయో ఎప్పుడైనా చూశారా పిల్లలూ? సాలు పొడుగునా మొక్కలు నవనవలాడుతున్నా ఆయన చూపు వాటి మీద నిలవదు. బొబ్బర తగిలి ఆకు ముడుచుకున్న ఒక్క మొక్క దగ్గరే ఆగిపోతుంది. 2021లో నల్ల తామరపురుగు వచ్చి ఆంధ్ర, తెలంగాణ మిరప చేలలో పూత రాల్చేసిన దగ్గర్నుంచి ఆ చూపు ఇంకా పదునెక్కింది. మన బుర్రా అలాగే పనిచేస్తుంది. పొద్దున్నుంచీ పదిమంది మంచిగా పలకరించినా, ఒకడన్న పుల్లవిరుపు మాటే రాత్రి పక్క మీద గుర్తొస్తుంది. అపాయాన్ని ముందు పసిగట్టినవాడే అడవిలో బతికాడు కాబట్టి ఈ గుణం మనకు తరతరాలుగా వచ్చింది. అది తప్పు కాదు. కాకపోతే మంచిని చూడటం దానంతటది రాదు, అలవాటు చేసుకోవాలి.

మన చందర్లపాడు ఇళ్లల్లో రాత్రి కుటుంబ ప్రార్థనలో పెద్దవాళ్లు ముందు కృతజ్ఞతాస్తుతులు చెల్లిస్తారు, కావలసినవి ఆ తర్వాత అడుగుతారు. ఆ వరసలో ఎంత తెలివి ఉందో శాస్త్రం చెబుతుంటే నాకు ముచ్చటేస్తుంది.

అమెరికాలో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ఒక పరిశోధన ప్రచురించారు. కాలేజీ పిల్లల్ని మూడు గుంపులు చేసి, వారానికోసారి చొప్పున పది వారాలు రాయమన్నారు. ఒక గుంపు తాము కృతజ్ఞతతో తలుచుకునే సంగతులు, ఇంకో గుంపు చికాకులు, మూడో గుంపు ఊరికే జరిగినవి రాశారు. కృతజ్ఞతలు రాసినవాళ్లు తమ బతుకు మీద ఎక్కువ తృప్తి చూపించారు, ఒంటి నలతలు తక్కువ చెప్పుకున్నారు. కండరాల, నరాల జబ్బున్నవాళ్లతో రోజూ రాయించి, 21 రోజులు చూస్తే వాళ్లకు నిద్ర మెరుగైంది. వాళ్ల ఉత్సాహంలో, తృప్తిలో వచ్చిన మార్పు ఇంట్లోవాళ్లకూ కనిపించింది. నిద్ర సంగతికి కారణం ఏమై ఉంటుందో 2009లో ఇంకో పరిశోధన సూచించింది. కృతజ్ఞత ఉన్నవాళ్లకు పడుకోబోయే ముందు మనసులో తిరిగే ఆలోచనల్లో దిగులు తక్కువ, నెమ్మది ఎక్కువ. ప్రార్థన చేసుకుని పడుకోమని నాయనమ్మ ఎందుకంటుందో ఇప్పుడు తెలిసిందా?

2024లో వచ్చిన మరో లెక్క చూడండి. అమెరికాలో నర్సులుగా పనిచేసిన 49 వేల మందికి పైగా పెద్దావిడల్ని గమనించారు. వాళ్ల సగటు వయసు 79. కృతజ్ఞత బాగా ఉన్నవాళ్లలో తర్వాతి నాలుగేళ్లలో చనిపోయే ముప్పు, తక్కువ ఉన్నవాళ్లకంటే సుమారు 9 శాతం తక్కువగా కనిపించింది. కృతజ్ఞతే ఆయుష్షు పెంచిందని దీన్నిబట్టి తేల్చి చెప్పలేం. అలాగే ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు దిగులు జబ్బు మీద దీని ప్రభావం కొద్దిపాటిదేనని తేలింది. కాబట్టి మందుకు బదులు ప్రార్థన అని ఎవరికీ చెప్పకండి. మనసు బాగా కుంగితే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ప్రార్థనా చేసుకోవాలి.

అసలైన చిక్కు ఇంకోటుంది. వారానికోసారి మేళ్లు లెక్కపెట్టుకున్నవాళ్లకు లాభం కనబడితే, వారానికి మూడుసార్లు లెక్కపెట్టినవాళ్లకు కనబడలేదని సోనియా ల్యుబోమిర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధనలో తేలింది. మాట అరిగిపోతే మనసు కదలదు. అందుకని రోజూ ప్రార్థన మానెయ్యాలా? వద్దు. "ఈ దినమంతా కాచినందుకు స్తోత్రం" అని కంఠతా వచ్చిన మాటతో ఆపకుండా, ఈ రోజు జరిగిన ఒక్క మేలైనా పేరు పెట్టి చెప్పాలి. పత్తి తీతకు వచ్చిన అత్త మన బిందె మోసిపెట్టింది, కరెంటు పోయేలోగా మడి తడిసింది, తమ్ముడికి జ్వరం దిగింది. ఇలా.

లూకా సువార్త 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు బాగయ్యారు. వెనక్కి వచ్చి కృతజ్ఞత చెప్పినవాడు ఒక్కడే, వాడూ పరాయివాడైన సమరయుడు. మిగతా తొమ్మండుగురు చెడ్డవాళ్లని నేననుకోను. ఇంటికెళ్లే తొందరలో మరిచిపోయి ఉంటారు. మనమూ చాలా రోజులు ఆ తొమ్మండుగురిలోనే ఉంటాం.

మన అమ్మమ్మలు ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి దేవుడికని కుండలో వేసేవాళ్లు. మన నందిగామ వైపు రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే ఆయన 1859లో బాప్తిస్మం తీసుకున్న కాలం నుంచీ ఈ మెట్ట ఊళ్లలో సంఘాలు నిలబడింది ఇలాంటి పేదల చేతుల మీదే. కడుపు నిండినవాళ్లకే కృతజ్ఞత అనేవాళ్లకు ఆ గుప్పెడు బియ్యమే జవాబు.

పంట పోయిన ఏడు మాత్రం పోయినందుకు స్తోత్రమని ఎవరి చేతా బలవంతంగా అనిపించకండి. కీర్తనల గ్రంథంలో ఏడుపు కీర్తనలు చాలానే ఉన్నాయి. ఏడ్చినవాడి పక్కన ముందు కూర్చోండి.

ఈ రాత్రి ప్రార్థనలో నిన్న చెప్పని మేలు ఒకటి చెప్పండి. దానికి కారణమైన మనిషి ఊళ్లోనే ఉంటే రేపు పొద్దున వెళ్లి వాళ్లకూ చెప్పి రండి.