చేని వాలును కొలుచుట ఎట్లు?

పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్టలలో ఏటా సుమారు 600 నుండి 750 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియును. అందులో అధికభాగము జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే పడును. గట్టివాన పడినప్పుడు వాలుగల ఎర్రచెల్కపై నీరు నిలువదు. పైమన్నును కోసికొని పోవును. చేను సారము కోల్పోవును, దిగువ కుంట పూడును. దీనిని ఆపుటకే వాలుకు అడ్డముగా కట్టలు వేయుదురు. 2006 నుండి ఉపాధి హామీ పథకము క్రిందను ఈ జిల్లాలలో ఇట్టి పనులు జరిగినవి. అయితే కట్ట ఎంత గట్టిదైనను, దాని గీత మట్టముగా లేనిచో నీరంతయు పల్లపు కొనకు చేరి అచ్చటనే గండి కొట్టును. కనుక పనికి తీర్మానము చేయుటకు ముందే చేని వాలు ఎంతయో సభ్యులు తెలిసికొనవలెను.

ఇందుకు బడిపిల్లల కంపాసు పెట్టెలోని కోణమానిని చాలును. దాని కేంద్రబిందువు వద్ద దారము కట్టి, కొనకు చిన్న రాయి వ్రేలాడదీసి, తిన్నని అంచు పైకి, వంపు క్రిందికి ఉండునట్లు పట్టుకొనవలెను. అంచు మట్టముగా నున్నప్పుడు దారము 90 అంకెపై నిలుచును. ఒకే ఎత్తుగల రెండు కర్రలలో ఒకదానిని చేని దిగువన, రెండవదానిని ఎగువన నిలిపి, దిగువ కర్ర తలనుండి కోణమానిని అంచు వెంట ఎగువ కర్ర తలను గురిచూడవలెను. దారము 88పై గాని 92పై గాని నిలిచినచో వాలు 2 డిగ్రీలు. అంచు ఎంత వంగినను దారము నిలువుననే యుండును గదా! గాలి లేని ఉదయము ఈ పనికి మేలు. పిమ్మట ఎగువనుండి దిగువకును చూచి, రెండు కొలతల సగటు తీసికొన్నచో పరికరపు దోషము పోవును.

1 డిగ్రీ యనగా 100 అడుగుల దూరమునకు సుమారు ఒకటిముప్పాతిక అడుగుల ఎత్తు. కట్ట గీతలో అంత తప్పు వచ్చినచో ఒక కొన రెండవదానికన్న మోకాలి లోతు దిగువనుండును. బడి కోణమానినిలో డిగ్రీకన్న చిన్న గీత సాధారణముగా నుండదు. కాబట్టి అది వాలు తెలిసికొనుటకే గాని, కట్టకు గీత వేయుటకు పనికిరాదు.

ఆ గీతకు కర్ర చట్రము మేలు. సమానమైన రెండు కర్రలను తలవద్ద కలిపి కట్టి, నడుమ అడ్డుకర్ర బిగించి, తలనుండి రాతి దారము వ్రేలాడదీయుదురు. రెండు కొయ్యమేకులవద్ద కాళ్లు నిలిపి, అడ్డుకర్రపై దారము తాకినచోట గుర్తు పెట్టవలెను; కాళ్లను తారుమారు చేసి మరల గుర్తు పెట్టవలెను. రెండు గుర్తుల నడిమి స్థానమే మట్టము. ఒక కాలిని కదలనీయక, దారము ఆ నడిమి గుర్తుపై నిలుచువరకు రెండవదానిని జరుపుచు, కాలు ఆగినచోటనెల్ల మేకు పాతుచు పోయినచో గీత ఏర్పడును.

అది తిన్నగా నుండదు. చేని వంపులననుసరించి వంకరగా పోవును. దున్నుటకు అడ్డమని, సరిహద్దు గట్టునే కట్టగా పోయుమని కోరువారు కలరు. వారితో వాదించుటకన్న, చట్రమును ఆ గట్టుపైననే నడిపించి చూపుట మంచిది. దారము నడిమి గుర్తును విడిచి ఏ కాలివైపు జరుగునో, వాననీరును అటే పోవును.