కారు వెనక ఇల్లు, ఇంటి ముందు గాలి

1947లో అమెరికాలో తీసిన ఒక ఫొటో చాలా ప్రసిద్ధం. ఫ్రాన్స్‌కు చెందిన సైకిలు పందేల వీరుడు ఆల్ఫ్రెడ్ లెతూర్నర్ ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ కారవాన్‌ను తన సైకిలుకు తగిలించి లాగుతుంటాడు. మన సినిమా షూటింగుల్లో కనిపించే కారవాన్‌కు ఇంజను ఉంటుంది. ఇది అది కాదు. పడక, పొయ్యి, బల్ల అన్నీ ఉండి, కారు లాగితేనే కదిలే చిన్న ఇల్లు. అంతకు 6 ఏళ్ల ముందు, 1941లో, కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ దగ్గర ఇదే మనిషి గంటకు 175 కిలోమీటర్ల వేగంతో సైకిలు తొక్కాడు. అప్పుడు అతని ముందు ఒక కారు పరుగెత్తింది, ఆ కారు వెనక గాలి తగలకుండా ఒక తెర కట్టారు.

కారవాన్ లాగే కారు ఇంధనం ఎందుకు అంతగా తాగుతుందో తెలుసుకోవడానికి ఈ రెండు సంగతులు చాలు. నెమ్మదిగా వెళ్తే ఇంటిని కూడా మనిషి కాళ్లు లాగగలవు. గాలిని తప్పిస్తే సైకిలు కారుతో సమానంగా పోగలదు. అడ్డంకంతా గాలిది, వేగానిది. కానీ కారవాన్ యజమానులను కదిపితే ఎక్కువమంది బరువు గురించే చెబుతారు. గిన్నెలు తగ్గించామంటారు, నీళ్ల ట్యాంకు ఖాళీ చేసి బయల్దేరామంటారు. మంచిదే, కానీ దొంగ వేరేచోట ఉన్నాడు.

ఒక ఉజ్జాయింపు లెక్క చూద్దాం. కారు 1,700 కిలోలు, కారవాన్ 1,400 కిలోలు, రోడ్డు చదును, వేగం గంటకు 100 కిలోమీటర్లు. కారవాన్ తగిలించాక కారు అధిగమించాల్సిన మొత్తం అడ్డు, అంటే ఇంజను మీద పడే భారం, సుమారు మూడింతలవుతుంది. ఆ పెరిగిన భారంలో బరువు వల్ల టైర్ల దగ్గర పుట్టే రాపిడి వాటా ఏడో వంతు మాత్రమే. మిగతాదంతా గాలే. ప్లాస్టిక్ బిందెలు, బుట్టలు మోపెడ్ నిండా కట్టుకుని ఊరూరా అమ్మేవాళ్లను చూడండి. సరుకు బరువు ఏపాటి? అయినా ఎదురుగాలిలో ఆ బండి ముందుకు సాగనంటుంది.

యూరప్‌లో మామూలు కారవాన్ వెడల్పు 2.3 మీటర్లు, ఎత్తు 2.6 మీటర్లు. కారు ఎత్తు మీటరున్నర. కారు పైనుంచి జారిన గాలి వచ్చి నేరుగా కారవాన్ గోడకు కొట్టుకుంటుంది. కారవాన్‌ను దాటిన గాలి కూడా నిలువుగా ఉండే వెనక గోడ దగ్గర వెంటనే కలుసుకోలేక సుడులు తిరుగుతుంది. అక్కడ పీడనం పడిపోయి కారవాన్‌ను వెనక్కి గుంజుతుంది. లెతూర్నర్ దూసుకుపోయింది ఇలాంటి సుడి నీడలోనే. అతన్ని ఆదుకున్న ఆ సుడే మన పెట్రోలును తినేస్తుంది.

విమానాల వాళ్లకు ఇది మొదటినుంచీ తెలుసు. 1934లో నీటిబొట్టు ఆకారంలో అల్యూమినియం కారవాన్ చేసిన హాలీ బౌలస్ గ్లైడర్ల నిర్మాత. లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటిన విమానం తయారీలోనూ ఆయన చెయ్యి ఉంది. జర్మనీలో విమాన ఇంజనీరు ఎరిక్ బాఖెమ్ 1950ల చివర ఎర్విన్ హైమర్‌తో కలిసి ‘ఎరిబా’ కారవాన్లు తెచ్చాడు. వాటి పైకప్పు ప్రయాణంలో కిందికి దిగి ఉంటుంది, మజిలీ చేరాక పైకి లేస్తుంది. ఇంధనం ఆదా చేసే ఉపాయాల్లో నాకు దీన్ని మించింది కనబడదు. కానీ కొనేవాళ్లు లోపల నిలబడేంత ఎత్తు, మూలమూలనా అల్మరా కోరుకుంటారు. అందుకే రోడ్ల మీద ఎక్కువగా నిలువు పెట్టెలే తిరుగుతాయి.

బరువును పూర్తిగా వదిలేయమని కాదు. ఘాట్ ఎక్కేటప్పుడు దాని లెక్క వేరు. 1,400 కిలోల కారవాన్‌ను 1,000 మీటర్ల ఎత్తుకు చేర్చడానికే లీటరు దాకా డీజిలు ఖర్చవుతుంది. దిగేటప్పుడు అందులో కొంతే తిరిగొస్తుంది, మిగతాది బ్రేకుల్లో వేడిగా పోతుంది. సామాను చక్రాల ఇరుసుకు దగ్గరగా సర్దాలన్న నియమం మాత్రం ఇంధనం కోసం కాదు, ప్రాణం కోసం. వెనక బరువెక్కువైతే కారవాన్ పాములా ఊగి కారును కూడా లాక్కుపోతుంది.

భారం మూడింతలైతే ఇంధనం కూడా మూడింతలు కావాలి కదా? కాదు. డీజిలు, పెట్రోలు ఇంజన్లు తేలికపాటి పని చేసేటప్పుడు ఇంధనాన్ని ఎక్కువగా వృథా చేస్తాయి, గట్టి పని ఇస్తే మెరుగ్గా వాడుకుంటాయి. అందుకే రోడ్డు మీద ఖర్చు సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండింతల దగ్గర ఆగుతుంది.

ఇక వేగం. గాలి అడ్డు వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 100 నుంచి 80కి దిగితే 36 శాతం తగ్గుతుంది. 250 కిలోమీటర్ల ప్రయాణంలో దీనివల్ల పోయేది 40 నిమిషాల లోపే. ఎదురుగాలికీ ఇదే సూత్రం. గంటకు 20 కిలోమీటర్ల గాలి ముందునుంచి వీస్తుండగా 90లో వెళ్తే, గాలి దృష్టిలో మీరు 110లో వెళ్తున్నట్టే. అడ్డు దాదాపు సగం మేర పెరుగుతుంది. బ్రిటన్‌లో కారవాన్ లాగే కారు మోటార్‌వే మీద గంటకు 60 మైళ్లు దాటకూడదు. జర్మనీలో మామూలు పరిమితి 80 కిలోమీటర్లు, ప్రత్యేక అనుమతి ఉన్న బండ్లకే 100. ఈ చట్టాలు భద్రత కోసం పెట్టినవి, జేబును కూడా కాపాడుతున్నాయి. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న మనవాళ్లు సెలవులకు ఇలాంటి బండి అద్దెకు తీసుకుంటే, టైర్లలో గాలి చూసుకుని, ఒక గంట ముందే బయల్దేరి 80–90 మధ్య వెళ్లమని మనస్ఫూర్తిగా చెబుతాను.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక ఈ విషయం మరింత పదునెక్కింది. ఎలక్ట్రిక్ మోటారు తేలికపాటి పనిలోనూ పొదుపుగానే నడుస్తుంది కాబట్టి, భారం పెరిగితే ఇంజనుకు దొరికిన ఆ వెసులుబాటు దీనికి దొరకదు. ఒక్క చార్జింగుతో వెళ్లే దూరం సగానికో, అంతకన్నా తక్కువకో పడిపోతుంది. పైగా చాలా చార్జింగ్ కేంద్రాల్లో కారవాన్ విప్పి పక్కన పెడితే తప్ప కారు నిలిపే చోటుండదు. జర్మనీకి చెందిన డెట్‌లెఫ్స్ సంస్థ కారవాన్‌కే బ్యాటరీ, మోటార్లు అమర్చి, 2021లో ఎలక్ట్రిక్ కారుతో ఆల్ప్స్ పర్వతాలు దాటించి చూపించింది. ప్రయోగం గొప్పది. కానీ అంత పెద్ద బ్యాటరీ ఖరీదూ, బరువూ సామాన్య కుటుంబానికి అందేవి కావు. ఆ డబ్బులో కొంత పైకప్పు దించడానికీ, వెనక గోడను సన్నగా మలచడానికీ పెడితే చిన్న బ్యాటరీతోనే పని జరుగుతుంది.