పైరు పొడుగును, పూతను నడపు రసములు

ఎరువు నిండుగ వేసి, నీరు సకాలమున పెట్టినను, మామిడితోట చిగుళ్లతో పచ్చగ నుండి పూత మాత్రము చూపని సంవత్సరములు రైతులకు క్రొత్తవి కావు. దీనికి ఆహారలోపమే యెల్లప్పుడును కారణము కాదు. ఎప్పుడు పెరుగవలెనో, ఎప్పుడు పూయవలెనో నిర్ణయించు పదార్థములు కొన్ని చెట్టులోనే మిక్కిలి స్వల్పముగ పుట్టుచుండును. వీనిని హార్మోనులందురు. ఎరువు ఆహారము, ఇవి ఆజ్ఞలు. వీనిలో కాండమును సాగదీయు గిబ్బరెల్లినును గూర్చి యీ సంచికలో వ్రాయుచున్నాము. ఏలయన, దానిని అణచు మందులు నేడు అంగళ్లలో దొరకుచున్నవి. కొలత తప్పి వాడినచో తోటకే చేటు.

ఈ పదార్థము మొదట ఒక వరి తెగులు మూలమున బయటపడెను. జపానులో కొన్ని వరిమొక్కలు తక్కినవానికంటె ఎత్తుగ, సన్నగ, పాలిపోయి సాగి, గింజ కట్టకయే చచ్చుచుండెడివి. అచ్చటి రైతులు దీనిని 'బకనే' అనిరి. వెఱ్ఱి నారు అని యర్థము. కురొసావా అను శాస్త్రజ్ఞుడు 1926లో, తెగులు కలిగించు బూజును ద్రవములో పెంచి, వడగట్టి, మిగిలిన ద్రవమును మాత్రమే మంచి నారునకు పట్టించెను. ఆ నారును అట్లే సాగెను. సాగదీయునది బూజు విడుచు రసమని తేలినది. 1935లో యబుటా అను రసాయన శాస్త్రజ్ఞుడు దానికి గిబ్బరెల్లినని పేరిడెను. తెగులు లేని మొక్కలలోను ఇది తగుమాత్రముగ పుట్టుచుండునని పిమ్మట తెలిసినది.

రసము మితిమీరిన మొక్క పడిపోవును. కొంత తగ్గినది నిలద్రొక్కుకొనును. పూర్వపు పొడుగు వరులు ఎరువు హెచ్చినచో వెన్ను బరువునకు నేలకొరుగుచుండెడివి. ఫిలిప్పీనులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐ.ఆర్. 8 అను పొట్టి వరిని విడుదల చేసెను. దాని పొట్టితనము తైవాను వరినుండి వచ్చినది. ఆ వంగడములో గిబ్బరెల్లిను తయారగుట తక్కువ. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు 1967లో దీనిని సాగుచేసి పేరుగాంచిరి.

ఇక మామిడి సంగతి. ముదిరిన రెమ్మలకు చలి రాత్రులు తగిలినప్పుడు పూత వచ్చును. రెమ్మలో గిబ్బరెల్లిను హెచ్చుగ నున్నచో, పూత రావలసిన చోట చిగురు వచ్చును. పాక్లోబ్యూట్రజోల్ అను మందు వేళ్ల ద్వారా చెట్టులోనికి పోయి, ఆ రసము తయారు కాకుండ అడ్డుకొనును. చిగురు తగ్గి, రెమ్మ ముదిరి, పూతకు సిద్ధమగును. ప్రత్తి మితిమీరి ఏపుగ పెరుగకుండ చల్లు మెపిక్వాట్ క్లోరైడు పనియు నిట్టిదే. ద్రాక్షతోటలలో ఇందుకు విరుద్ధముగ గిబ్బరెల్లినునే వాడి గుత్తిని సాగదీయుదురు.

నూటికి 23 పాళ్ల పాక్లోబ్యూట్రజోల్ గల ద్రవమును, గుబురు అడ్డుకొలత మీటరునకు 3 మి.లీ. చొప్పున వాడుట వాడుకలో నున్న మోతాదు. గుబురు 6 మీటర్లున్న చెట్టునకు 18 మి.లీ. చాలును. దీనిని నీట కలిపి, పూతకు మూడు నాలుగు నెలల ముందుగ, తడిగా నున్న నేలలో, గుబురు నీడలోపల చెట్టు చుట్టును పోయవలెను. ఆకులపై చల్లరాదు. లేత చెట్లకును, నీరసించిన చెట్లకును వాడరాదు. ఇది పూతకు ఆజ్ఞ యిచ్చునేగాని కాయకు తిండి పెట్టదు. కనుక పశువుల యెరువును, నీటిని తగ్గించరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. ఈ మందు నేలలో చాలకాలము నిలుచును. ఒక యేడు వేసినది మరుసటి యేడును పనిచేయుచుండును. మోతాదు తగ్గింపక ఏటేట వేసినచో రెమ్మలు కురచబడి, ఆకులు దగ్గరదగ్గరగ ముడుచుకొని, పూగుత్తులు బిగిసి, చెట్టు గిడసబారును. పోసిన మందును తిరిగి తీయుట ఎవరి తరము కాదు.

కావున సభ్యులకు మా మనవి యేమన: సీసాపై పెద్దయక్షరముల పేరు చూచి కొనవలదు, లోపలి మందు పేరును, దాని పాళ్లను చదివి కొనుడు. చదువురాని తోడి సభ్యునకు చదివి చెప్పుడు. కృషి విజ్ఞాన కేంద్రమువారి నడిగి, మొదట రెండు మూడు చెట్లకు మాత్రము వేసి చూడుడు. అప్పు తెచ్చి తోటంతటికి ఒక్కసారిగ పోయుటకంటె, ఒక యేడు ఓపికపట్టుట లాభము.