పెదవులకు ఫిల్లర్లు.. పేరు కన్నా విరుగుడే ముఖ్యం

పెళ్లి ముహూర్తాలు దగ్గరపడితే నగల దుకాణాలు, చీరల దుకాణాలతో పాటు చర్మ వైద్యుల క్లినిక్‌లకూ గిరాకీ పెరుగుతుంది. ఒకప్పుడు హైదరాబాద్‌లోని బంజారాహిల్స్‌, జూబ్లీహిల్స్‌ ప్రాంతాలకే పరిమితమైన పెదవుల ఫిల్లర్లు నేడు విజయవాడ, విశాఖపట్నం, వరంగల్‌ వంటి నగరాల్లోనూ లభిస్తున్నాయి. క్లినిక్‌లో అడుగుపెట్టిన యువతికి తొలుత వినిపించేవి రెస్టిలేన్‌, జువెడెర్మ్‌ అనే పేర్లు. ధరలు వేరు, పెట్టెలపై రాతలు వేరు. లోపలున్న ప్రధాన పదార్థం మాత్రం ఒక్కటే.. హైలురోనిక్‌ ఆమ్లం. మరి తేడా ఎక్కడ?

ఆమ్లమని భయం వద్దు

పేరులో ఆమ్లం ఉన్నా ఇది చర్మాన్ని కాల్చే పదార్థం కాదు. మన చర్మంలో, కీళ్ల మధ్య ఉండే జిగురులో, కంటిగుడ్డులోని జెల్లీలో సహజంగానే ఉంటుంది. 1934లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్‌ మేయర్‌, జాన్‌ పామర్‌ పశువుల కళ్ల నుంచి దీనిని తొలిసారి వేరుచేశారు. ఆ తరువాత కోడిపుంజు తలపై ఉండే ఎర్రని తురాయి నుంచి కూడా తీశారు. ఇప్పుడు ప్రధాన కంపెనీల ఫిల్లర్లలో వాడుతున్నది బ్యాక్టీరియా సాయంతో పులియబెట్టి తయారుచేసినదే. శాకాహారులకు ఈ సందేహం కలగడం సహజం కనుక ఇక్కడ చెప్పవలసి వచ్చింది. మోకాళ్ల అరుగుదలకు కీలులోకి ఇచ్చే ఒక రకం సూదిమందులో ఉండేదీ ఈ పదార్థమే.

నీటిని పట్టి ఉంచడం దీని ప్రధాన గుణం. అయితే సహజ రూపంలో ఎక్కిస్తే శరీరం కొద్ది రోజుల్లోనే దానిని కరిగించివేస్తుంది. అందుకే ఈ ఆమ్లపు పొడవాటి గొలుసులను బీడీడీఈ అనే రసాయనంతో ఒకదానికొకటి ముడివేస్తారు. ఎన్ని ముడులు, ఎలాంటి ముడులు అన్నదానిపైనే జెల్‌ గట్టిదనం, అది నిలిచే కాలం ఆధారపడతాయి.

సగ్గుబియ్యం జావ.. తాటిముంజ

స్వీడన్‌లో రూపుదిద్దుకున్న రెస్టిలేన్‌ తొలి రకంలో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల ఆమ్లం ఉంటుంది. ముడివేసిన జెల్‌ను సన్నని రేణువులుగా చేస్తారు. సగ్గుబియ్యం జావను తలచుకుంటే సరిపోతుంది. వేసిన చోట నిలబడే గుణం దీనిది. పెదవి అంచును తీర్చడానికి అనుకూలిస్తుంది. జువెడెర్మ్‌ అల్ట్రాలో 24 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇది రేణువులు లేని నునుపైన జెల్‌, తాటిముంజ వంటిది. నీటిని ఎక్కువగా పీలుస్తుంది కనుక నిండుదనంతో పాటు తొలి రోజుల్లో వాపూ ఎక్కువగా ఉండవచ్చు. అదే కంపెనీకి చెందిన వోల్‌బెల్లాలో ఉండేది 15 మిల్లీగ్రాములే. వాపు తక్కువ, మెత్తదనం ఎక్కువ. పెదవుల చుట్టూ ఉండే సన్నని గీతలకూ దీనిని వాడతారు. అయితే కొందరిలో వారాలు, నెలలు గడిచిన తరువాత గడ్డలు కట్టినట్లు వైద్య పత్రికల్లో నివేదికలు వచ్చాయి. రెస్టిలేన్‌ కిస్‌ పెదవుల కోసమే రూపొందించిన సాగే గుణం గల జెల్‌.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెదవుల కోసం రెస్టిలేన్‌కు 2011లో, జువెడెర్మ్‌ అల్ట్రాకు 2015లో, వోల్‌బెల్లాకు 2016లో, కిస్‌కు 2020లో అనుమతి ఇచ్చింది. అదీ 21 ఏళ్లు దాటినవారికే. వోల్‌బెల్లాను రెస్టిలేన్‌తో పోల్చి జరిపిన పరీక్షలో చూసింది ప్రధానంగా అది దీనికి తీసిపోదా అన్నదే. కాబట్టి ‘మాదే అన్నిటికన్నా మేలు’ అన్న ప్రచారాన్ని కొంత తగ్గించి వినడం మంచిది. ఏది వేసినా సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు క్రమంగా కరిగిపోతుంది. పెదవులకు వాడే సిరంజి సాధారణంగా ఒక మిల్లీలీటరు, అంటే టీస్పూనులో అయిదో వంతు మాత్రమే.

రంగు మారితే గండమే

అసలు ప్రమాదం బ్రాండులో లేదు. పై పెదవిలోనూ, కింది పెదవిలోనూ ధమనులు మెలికలు తిరుగుతూ సాగుతాయి. వాటి దారి అందరిలో ఒకేలా ఉండదు. జెల్‌ పొరపాటున రక్తనాళంలోకి చేరినా, నాళాన్ని గట్టిగా నొక్కినా రక్తప్రసరణ ఆగిపోతుంది. పెదవి పాలిపోతుంది. ఆపై వల పరచినట్లు నీలి చారలు కనిపిస్తాయి. ఆలస్యమైతే ఆ భాగం కుళ్లిపోతుంది. ముఖానికి వేసిన ఫిల్లర్‌ కంటి నాళాలకు చేరి చూపు పోయిన సంఘటనలు అరుదుగానైనా ఉన్నాయి. నొప్పి వస్తే తెలుస్తుంది కదా అనుకోరాదు. చాలా ఫిల్లర్లలో తిమ్మిరి మందు లిడోకెయిన్‌ కలిపి ఉంటుంది. అందుకే రంగును గమనించాలి. గోరును నొక్కి వదిలితే రంగు తిరిగి వచ్చినట్లే పెదవికీ రెండు మూడు సెకన్లలో రావాలి.

చేయి తిరిగిన వైద్యుడికీ ఈ పరిస్థితి ఎదురుకావచ్చు. అప్పుడు ఆదుకునేది హైలురోనిడేజ్‌ అనే విరుగుడు. ముడులు వేసిన జెల్‌ను ఇది గంటల వ్యవధిలో కరిగిస్తుంది. సిలికాన్‌ వంటి శాశ్వత పదార్థాలకు ఇలాంటి విరుగుడు లేదు. హైలురోనిక్‌ ఆమ్లానికి ఉన్న అసలైన ఆధిక్యం ఇదే. కనుక క్లినిక్‌లో ‘ఏ కంపెనీది?’ అని అడగడానికి ముందే ‘హైలురోనిడేజ్‌ మీ దగ్గర సిద్ధంగా ఉందా, అవసరమైతే రాత్రివేళ ఎవరికి ఫోన్‌ చేయాలి?’ అని అడగాలి. సూటిగా సమాధానం రాకపోతే వెనుదిరగడమే క్షేమం. తేనెటీగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. వారికి ఈ విరుగుడు కూడా పడకపోవచ్చు.

సూది లేకుండా ఒత్తిడితో ఫిల్లర్‌ను ఎక్కించే ‘హైలురాన్‌ పెన్‌’ల జోలికి వెళ్లకపోవడం మేలు. వీటిని వాడవద్దని ఎఫ్‌డీఏ 2021లోనే హెచ్చరించింది.

పెళ్లికి ముందురోజు చేయించుకుంటే వాపు, కమిలిన మచ్చలతోనే పీటలపై కూర్చోవలసి వస్తుంది. కనీసం నెల రోజుల వ్యవధి ఉంచుకోవాలి. పెదవులపై తరచూ జ్వరపు పొక్కులు వచ్చేవారు వైద్యుడికి ముందే తెలిపితే నివారణ మాత్రలు ఇస్తారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవాలి. సిరంజి పెట్టెను ఎదుటే తెరవమని కోరాలి. పేరు, బ్యాచ్‌ నంబరు ఉన్న స్టిక్కర్‌ను తీసుకుని చీటీపై అంటించి దాచుకోవాలి. ఆరు నెలల తరువాత గడ్డ తేలితే, లోపల ఉన్నదేమిటో కొత్త వైద్యుడికి చెప్పేది ఆ స్టిక్కరే.